తెల్లబట్ట గురించి, కలిసి వచ్చే సుఖవ్యాధుల గురించి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సురక్ష క్లినిక్ కౌన్సిలర్ చేసిన ప్రసంగం)



పొద్దున్నించి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, ఎన్ని బర్రెలు కొన్నారు, ఏ సంఘం కిస్తు తప్పింది అన్నీ చదివారు. నాకు ఇచ్చింది అరగంట. కార్యదర్శి అక్క ఫోన్ చేసి "బీపీ, షుగర్ లాంటిది ఏదన్న చెప్పు మేడమ్" అంది. నేను "సుఖవ్యాధుల మీద చెప్తా" అన్నాను. కాసేపు అవతల సప్పుడు లేదు. తర్వాత "అయితే మగోళ్ళు లేకుండ చూస్త" అంది. మాట నిలబెట్టింది. మైకు ఆయన కూడా బయటికి పోయి చాయ్ తాగుతున్నాడు. అందుకే గొంతు పెంచి మాట్లాడుతున్నా, ఏమనుకోకండి.

సుఖవ్యాధి అని పేరు పెట్టినాయన ఎవరో గానీ, ఆయనకు అది వచ్చి ఉండదు.

ఈ ముచ్చట మీ లెక్కల పుస్తకాల్లోదే. అప్పు రిజిస్టర్‌లో "ఆస్పత్రి ఖర్చు" అని ఒక పద్దు ఉంటుంది. ఏ ఆస్పత్రి, ఏం ఖర్చు అని అడిగితే, చాలాసార్లు "గర్భసంచి తీయించుకుంది" అంటారు. ఎందుకు తీయించుకుంది అంటే "తెల్లబట్ట, నడుం నొప్పి" అంటారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు. దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. మన తెలంగాణలో, పక్కన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఎనిమిది మందికి పైగా. దేశంలో అన్నిటికన్నా మనమే ముందున్నాం. ఇట్లాంటి దాంట్లో ముందుండి ఏం లాభం?

గడ్డలు ఉంటే, క్యాన్సర్ ఉంటే, మందులకు ఆగకుండా రక్తం పోతుంటే ఆపరేషన్ చేయించుకోవాల్సిందే. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ తెల్లబట్ట వెనక ఉన్నది ఇన్ఫెక్షన్ అయితే, దానికి మందు గోళీలు. అది కూడా ఒక్క ఇన్ఫెక్షన్ కాదు, రెండు మూడు కలిసి ఉంటాయి. ఒకదానికి మందు వాడి తగ్గలేదనుకుని, రెండో దానికి వాడకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కిన వాళ్ళను నేను చూశాను. ఇవాళ చెప్పాలనుకున్నది ఈ "కలిసి ఉండటం" గురించే.

ప్రాణహిత దాటితే అవతల గడ్చిరోలి జిల్లా. సిరొంచ దిక్కు మన తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉంటారు, మనకు చుట్టరికాలు కూడా ఉన్నాయి. ఆ జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, ఆమె భర్త అభయ్ బంగ్ పల్లెల్లో పనిచేస్తారు. వాళ్ళు రెండు ఊళ్ళలో ఆడవాళ్ళను, జబ్బు ఉందన్న వాళ్ళను, లేదన్న వాళ్ళను కూడా పరీక్ష చేశారు. మొత్తం 650 మంది. 1989లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. నూటికి 92 మందికి ఆడవాళ్ళ జబ్బులో, సుఖవ్యాధో ఏదో ఒకటి ఉంది. సగటున మనిషికి మూడున్నర కంటే ఎక్కువే. ఆ జబ్బుల్లో సగం ఇన్ఫెక్షన్లే. అదివరకు ఒక్కసారైనా ఆ పరీక్ష, చికిత్స అయిన వాళ్ళు నూటికి ఎనిమిది మంది. ఇంకో మాట కూడా ఉంది. "నాకేం లేదు" అన్నవాళ్ళు నూటికి 45 మంది.

అప్పటికి ఇప్పటికి రోజులు మారాయి నిజమే. ఇంటింటికి మరుగుదొడ్డి వచ్చింది, ఆశమ్మ వచ్చింది, కాన్పులు దవాఖానలో అవుతున్నాయి. అయినా క్లినిక్‌లో నా ముందు కూర్చున్న అక్క ఒకే జబ్బుతో రావడం తక్కువ.

ఎందుకు కలిసి వస్తాయి? మొదటిది, అన్నిటిదీ ఒకటే దారి. ఎవరి దగ్గర నుంచి ఒకటి వచ్చిందో, ఆ మనిషి దగ్గర ఇంకోటి కూడా ఉండొచ్చు. రెండోది మనం ఎవరం పట్టించుకోం. యోనిలో మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. పాలు తోడుకుని పెరుగయ్యేటప్పుడు పనిచేసే వాటికి చుట్టాలే ఇవి. పెరుగు ఎట్లా పులుస్తుందో, ఇవి కూడా లోపల కొంచెం పులుపు ఉంచుతాయి. ఆ పులుపు ఉన్నంతసేపు బయట క్రిములకు చోటు దొరకదు. ఈ మంచివి తగ్గిపోతే చేపల వాసనతో పల్చగా, బూడిద రంగులో తెల్లబట్ట అవుతుంది. దాన్ని బాక్టీరియల్ వజినోసిస్ అంటారు. దీన్ని సుఖవ్యాధి అనరు. కానీ కాపలా తప్పుకున్న ఇల్లు అయిపోతుంది. గనేరియా, క్లమీడియా, హెచ్ఐవీ లాంటివి లోపలికి రావడం సులువవుతుంది.

అందుకే లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడగకండి అని పదేపదే చెప్తాం. శుభ్రం అనుకుని మనమే కాపలాదారును వెళ్ళగొడుతున్నాం. పైపైన మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపలి సంగతి లోపలి వాళ్ళు చూసుకుంటారు.

మూడోది పుండ్లు, వాపు. సవాయి రోగం, అంటే సిఫిలిస్, మొదట నొప్పి లేని పుండుగా వస్తుంది. లోపల వస్తే ఆడమనిషికి కనపడనే కనపడదు. కొన్ని వారాలకు అదే మానిపోతుంది. "తగ్గింది" అనుకుంటాం. రక్తంలో మాత్రం ఉండిపోతుంది. ఆ పుండు ఉన్న రోజుల్లో హెచ్ఐవీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ట్రైకోమొనాస్‌తో లోపల వాచి ఉన్నా అంతే.

అన్ని తెల్లబట్టలూ జబ్బు కాదని కూడా చెప్పాలి, లేకపోతే రేపు అందరూ భయపడి నా గదికి వస్తారు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొన లాగా జిగటగా రావడం, ముట్టుకు ముందు కొంచెం రావడం, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ అవడం, ఇవి మామూలే. దురద, మంట, వాసన, చీము రంగు, కలిసినప్పుడు నొప్పి, పొత్తికడుపు నొప్పి, మధ్యమధ్యలో రక్తం, వీటిలో ఏది ఉన్నా చూపించుకోవాలి. పెరుగు ముద్దల లాగా వచ్చి విపరీతమైన దురద ఉంటే ఎక్కువసార్లు అది ఫంగస్. అది కూడా సుఖవ్యాధి కాదు. మాటిమాటికి వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

పుస్తకంలో ఒక్కో జబ్బుకు ఒక్కో రంగు రాసి ఉంటుంది. పచ్చగా నురగతో ఉంటే ట్రైకోమొనాస్ అని, ముద్దలుగా ఉంటే ఫంగస్ అని. మూడూ కలిసిన మనిషిలో ఏ రంగు చూస్తారు? అందుకే రంగు అడిగి, ఫోన్‌లోనే మందు చెప్పే వాళ్ళను నమ్మకండి. ఇంకా పెద్ద చిక్కేమంటే, క్లమీడియా వచ్చిన ఆడవాళ్ళలో చాలామందికి ఏ బాధా ఉండదు. గనేరియా కూడా ఆడవాళ్ళలో సగం మందికి తెలియకుండానే ఉంటుంది. తెలియకుండానే పైకి పాకి ట్యూబులను పాడుచేస్తుంది.

సురక్ష క్లినిక్‌లో మేము ఇచ్చే మందుల డబ్బాలకు రంగులుంటాయి. బూడిద రంగు డబ్బాలో రెండు రకాల మందులు, ఒకటి గనేరియాకు, ఒకటి క్లమీడియాకు. ఆకుపచ్చ డబ్బాలో కూడా రెండు రకాలు, ఒకటి ట్రైకోమొనాస్‌కూ చేపవాసన జబ్బుకూ కలిపి, ఇంకోటి ఫంగస్‌కు. పొత్తికడుపు నొప్పి ఉన్నవాళ్ళకు పసుపు డబ్బా, దాంట్లో మూడు రకాలు. ఒక అక్క నన్ను అడిగింది: "ఒక్క రోగానికి ఇన్ని గోళీలెందుకు మేడమ్, మిగిలినయి మా చెల్లెకు ఇయ్యనా?" అని. ఒక్క రోగం కాదమ్మా, రెండు మూడు కలిసి ఉంటాయనే అట్లా కలిపి పెట్టారు. సగం మింగి సగం చెల్లెకు ఇస్తే ఇద్దరికీ తగ్గదు. పైగా ఆ క్రిమి మందుకు అలవాటు పడుతుంది. గనేరియా ఇప్పటికే చాలా మందులకు లొంగడం మానేసింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఇన్నేళ్ళలో ఎక్కడా చెప్పలేదు.

నేను ఏఎన్ఎంగా కొత్తగా చేరిన రోజులు. అప్పటికి ఈ రంగు డబ్బాలు లేవు. సబ్‌సెంటర్‌కు ఒకామె వచ్చింది, తెల్లబట్ట, మంట అని. మెట్రోనిడజోల్ గోళీలు ఇచ్చాను. తగ్గింది. రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అవే ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు కోపం వచ్చి "గోళీలు సక్కగ మింగుతలేవు, మళ్ళ నా పానం తింటున్నవ్" అని పది మంది ముందు తిట్టాను. ఆమె ఏమీ అనలేదు. తల వంచుకుని పోయింది. మళ్ళీ రాలేదు. తగ్గిందిలే అనుకున్నాను.

ఆమె గోళీలు సక్కగానే మింగింది. నేను ఆమె భర్తకు ఇవ్వలేదు. ట్రైకోమొనాస్ మగవాళ్ళకు ఉన్నా చాలామందికి బయటికి కనపడదు. ఈమెకు తగ్గగానే ఆయన దగ్గర నుంచి మళ్ళీ వచ్చేది. ఇంకోటి, ఆమెకు అదొక్కటే ఉందని నేను అనుకున్నాను. లోపల పరీక్షకు పంపలేదు. ఏడాదిన్నర తర్వాత ఆమెకు గర్భం నిలిచింది, గర్భసంచిలో కాదు, ట్యూబులో. రాత్రిపూట ట్యూబు పగిలి ట్రాక్టర్ మీద వేసుకుని పోయారు. బతికింది. పాత ఇన్ఫెక్షన్‌తో రెండు ట్యూబులూ అతుక్కుపోయి ఉన్నాయని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చెప్పింది. ఆమెకు అప్పటికి ఒక్కతే బిడ్డ. తర్వాత పిల్లలు కాలేదు. దానికి అత్తగారింట్లో ఎన్ని మాటలు పడిందో నేను మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పటికీ బస్టాండ్‌లో కనపడితే "బాగున్నవా అక్కా" అని ఆమే ముందు పలకరిస్తుంది.

ఇంకొక ముచ్చట. దీన్ని ఆమెను అడిగి, ఊరు, వయసు చెప్పనని మాటిచ్చి చెప్తున్నా. బీడీలు చుట్టే చెల్లె. ఇద్దరు పిల్లలు. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని, పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూదులు, గోళీలు చాలా అయ్యాయి. చివరికి ఒక ప్రైవేటు దవాఖానలో స్కానింగ్ చేసి, "గర్భసంచి పుండయింది, తీయకుంటే క్యాన్సర్ అయితది" అన్నారట. నలభై వేలు. సంఘంలో అప్పు అడిగింది. ఆ సంఘం లీడర్ చదువుకోలేదు గానీ తెలివైన మనిషి. "నలభై వేలు పెట్టి బర్రెను కొంటే నాలుగు సంతలు తిరుగుతం, ఇంకో డాక్టర్‌కు సూపియ్యవా?" అని నా దగ్గరికి తోలుకొచ్చింది.

మా డాక్టరమ్మ పరికరం పెట్టి చూసింది. ముఖద్వారం దగ్గర చీము. స్రావం సూక్ష్మదర్శినిలో పెడితే ట్రైకోమొనాస్ కదులుతూ కనపడింది. రక్త పరీక్షలో సిఫిలిస్ ఉంది. హెచ్ఐవీ లేదు. మూడు రకాలు ఒక్క మనిషిలో. ఆర్ఎంపీ మందులు ఒక్కోసారి ఒక్కోదాన్ని తాకి వదిలాయేమో. మేము చీముకు బూడిద డబ్బా, ట్రైకోమొనాస్‌కు ఆకుపచ్చ డబ్బా, సిఫిలిస్‌కు పిర్రకు పెన్సిలిన్ సూదులు ఇచ్చాం. ముఖద్వారానికి క్యాన్సర్ పరీక్ష కూడా చేశాం, ఏమీ లేదు.

భర్త రావడానికి మూడు వారాలు పట్టింది. మొదట "నాకేం రోగం లేదు" అన్నాడు. ఆమె ఏం చెప్పి తీసుకొచ్చిందో తెలుసా? "నీ రక్తం చూడకుంటే నా మందు పనిచేయదంట, సూది పైసలు వట్టిగ పోతయి" అని. సూదికి పైసలే లేవు, ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన రక్తంలో కూడా సిఫిలిస్ ఉంది. ఇద్దరికీ మందు అయింది. అప్పు దరఖాస్తు వాపసు తీసుకుంది. తెల్లబట్ట తగ్గింది, మంట తగ్గింది. నడుం నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా వంగి బీడీలు చుట్టే నడుం అది, దానికి నా దగ్గర డబ్బా లేదు.

ఆపరేషన్ చేయించుకుని కూడా నా దగ్గరికి వచ్చిన వాళ్ళున్నారు. గర్భసంచి తీసేసినా యోని అట్లాగే ఉంటుంది, భర్త దగ్గర ఉన్న క్రిమి ఉంటుంది. మళ్ళీ తెల్లబట్ట మొదలు. అండాశయాలు కూడా తీసేసిన వాళ్ళకు ముప్పై ఏళ్ళకే ముట్లుడిగి, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు బలహీనం. అప్పు కిస్తులు మాత్రం ఆగవు.

హెచ్ఐవీ గురించి కొంచెం. సిఫిలిస్, హెచ్ఐవీ రెండూ ఒకే దారిలో వస్తాయి కాబట్టి కడుపుతో ఉన్నవాళ్ళకు రెండు పరీక్షలూ చేస్తారు. ఆ పరీక్ష వద్దనకండి. తల్లి సిఫిలిస్‌కు మందు పడకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టొచ్చు. పెన్సిలిన్ సూదితో దాన్ని ఆపవచ్చు. హెచ్ఐవీ ఉన్నా ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడితే బిడ్డకు రాకుండా చాలావరకు కాపాడవచ్చు.

ఇంకో జత హెచ్ఐవీ, హెచ్‌పీవీ. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ దాదాపు అంతా ఈ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వచ్చే ప్రమాదం మిగతా వాళ్ళ కంటే ఆరు రెట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన సంఘాల్లో ఏఆర్‌టీ మందులు వాడే అక్కలు ఉన్నారు. ఎవరో నాకు తెలుసు, నేను చెప్పను, మీరూ వెతకకండి. వాళ్ళకు మాత్రం ఇక్కడి నుంచే చెప్తున్నా. ముఖద్వారం పరీక్ష ముప్పై ఏళ్ళ దాకా ఆగకుండా ఇరవై అయిదు నుంచే చేయించుకోండి. మిగతా వాళ్ళు ముప్పై దాటాక చేయించుకోవాలి. దూదితో ముఖద్వారానికి వెనిగర్ లాంటి నీళ్ళు రాసి, తెల్ల మచ్చ వస్తుందా అని చూస్తారు. అయిదు నిమిషాలు కూడా పట్టదు. నొప్పి లేదు. సిగ్గే ఉంది. ఆ సిగ్గు నాకూ ఉండేది.

ఇక అసలు కష్టమైన సంగతి. పరీక్షలో ఏదో ఒకటి బయటపడగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "ఎవరి దగ్గర తెచ్చినవ్?" దానికి జవాబు చాలాసార్లు ఎవరికీ తెలియదు. క్లమీడియా నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉంటుంది. సిఫిలిస్ కూడా అంతే. ఎవరికి ముందు కనపడిందో వాళ్ళే తెచ్చారనుకోవడం తప్పు. మనం లోపల పరీక్షకు పోతాం, కాన్పుకు పోతాం, కాబట్టి మనకు ముందు బయటపడుతుంది. మగవాళ్ళు పోరు. అందుకని నింద మన మీద పడుతుంది. అట్లాగని భర్త తప్పేమీ లేదని అబద్ధం చెప్పి పంపడం కూడా నాకు ఇష్టం లేదు. కొన్ని ఇళ్ళల్లో తప్పు ఆయనదే, ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు చెప్పి ఏడుస్తుంది కూడా. నేను చెప్పేది ఒకటే. ముందు ఇద్దరికీ మందు పడాలి. పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. భర్త పేరు చెప్తే దెబ్బలు పడతాయని భయముంటే నాకు చెప్పండి, ఆయనను ఎట్లా పిలవాలో మేము ఆలోచిస్తాం.

మందు పూర్తయ్యే వరకు, కనీసం వారం, ఇద్దరూ కలవకూడదు. తప్పదంటే నిరోధ్. అవి మా దగ్గర ఊరికే ఇస్తాం. ఆకుపచ్చ డబ్బా గోళీలు మింగిన రోజు, తర్వాత రెండు రోజులు కల్లు, మందు తాగొద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. తాగితే వాంతులు కావచ్చు, "మీ మందు విషం" అని మా మీదికి వస్తాడు. ఒకాయన వచ్చాడు కూడా. ఇంకోటి, హెచ్ఐవీ పరీక్ష మీరు ఒప్పుకోకుండా ఎవరూ చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. దీనికి 2017లో చట్టం చేశారు. ఏ అనుమానమున్నా 1097కు ఫోన్ చేయండి, పైసలు పడవు, పేరు చెప్పనక్కర్లేదు.

సమాఖ్యను నేను అడిగేది ఒక తీర్మానం. గర్భసంచి ఆపరేషన్‌కు అప్పు అడిగిన సభ్యురాలికి, అప్పు మంజూరు చేసే ముందు సర్కారు దవాఖానలో ఇంకో డాక్టర్‌కు చూపించాలి. తోడుగా సంఘం నుంచి ఒకరు పోవాలి. ఆమె కాగితాలు మాత్రం మీటింగ్‌లో చదవొద్దు, ఏ జబ్బో రిజిస్టర్‌లో రాయొద్దు. "రెండో డాక్టర్‌కు చూపించారు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. రక్తం ఆగకుండా పోయే అత్యవసరం అయితే ఈ నియమం అడ్డం పెట్టొద్దు, వెంటనే ఇవ్వండి. బస్సు చార్జీకి ఇబ్బంది లేదు, జీరో టికెట్ ఉంది గదా. పోయేది ఒక పూట కూలి. ఆ కూలి గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి ఇవ్వగలరేమో కోశాధికారి అక్క చెప్పాలి.

ఇంతసేపట్లో చీటీలు నాలుగు వచ్చాయి. మూడింటికి వాళ్ళ వాళ్ళకే తర్వాత చెప్తా. ఒకటి అందరికీ పనికొచ్చేది. "నాకు గర్భసంచి తీసి ఆరేండ్లయింది, ఇంకా తెల్లబట్ట అయితది, నేను ఇప్పుడు వచ్చి ఏం లాభం?" అని రాసింది. లాభం ఉందక్కా. ఆరేళ్ళయినా మందు పనిచేస్తుంది. ఓపీ చీటీ తొమ్మిదికి ఇస్తారు, చీటీ మీద సురక్ష క్లినిక్ అని రాయించుకోండి, ఏం బాధ అని అక్కడ లైన్‌లో చెప్పాల్సిన పనిలేదు. మెట్ల పక్కన రెండో గది. తలుపుకు పరదా ఉంటుంది. ఆయన వస్తే ఆయనను కూడా తీసుకురా, రాకపోతే ముందు నువ్వే రా.